కాలి పెద్ద సిరకు వేసే స్టెంట్‌ను గొర్రెల్లో పరీక్షించారట, అది మనిషికి ఎంతవరకు పనికొస్తుంది?

కళ్యాణదుర్గం అమ్మాయి:

అందరికీ నమస్కారం. పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మా అమ్మకు 54 ఏళ్లు. పోయిన నవంబర్లో ఎడమ కాలు ఉన్నట్టుండి తొడ దాకా వాచి, బిగుసుకుపోయి, రంగు మారితే ఆస్పత్రికి తీసుకెళ్లాం. లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది, డీవీటీ అన్నారు. మందులతో నొప్పి తగ్గింది కానీ వాపు మాత్రం పోలేదు. సాయంత్రానికి కాలు రాయిలా అయిపోతుంది, ఎడమ కాలి మెట్టెలు కూడా తీసి డబ్బాలో పెట్టేసింది. ఈమధ్య మళ్లీ స్కాన్ చేస్తే, పొత్తికడుపులో ఎడమ కాలి నుంచి పైకొచ్చే పెద్ద సిర మీదుగా కుడి కాలికి పోయే ధమని అడ్డంగా వెళ్తూ దాన్ని వెన్నుపూసకు అదిమేస్తోందని తేలింది. రిపోర్టులో మే-థర్నర్ అని రాశారు. అక్కడ మెటల్ స్టెంట్, అంటే సన్నటి తీగల జాలీ గొట్టం, పెడితే దారి తెరుచుకుంటుందని డాక్టర్ గారు చెప్పారు.

ఆయన మాతో మాట్లాడింది పది నిమిషాలు. నేను భయపడుతుంటే "జంతువుల్లో, ఆ తర్వాత మనుషుల్లో పరీక్షించాకే ఇవి బయటికొస్తాయమ్మా, టెన్షన్ పడకండి" అన్నారు. ఇంటికొచ్చి స్టెంట్ల గురించి చదివితే గొర్రెల్లో, పందుల్లో పెట్టి చూస్తారని ఉంది. అదే అమ్మకు చెప్పాను. మా తాతకు మంద ఉండేది, పెళ్లయ్యేదాకా అమ్మ గొర్రెల వెంట తిరిగిన మనిషి. వినగానే రెండే మాటలు అడిగింది. "గొర్రె నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది, కూర్చోదు, మెట్లెక్కదు, దాని నరానికీ నా నరానికీ పోలికేంది?" అని ఒకటి. "ఆ గొర్రెలు ఇప్పుడు ఏమయ్యాయి?" అని రెండోది. నా దగ్గర రెండింటికీ జవాబు లేదు.

ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గొర్రెలో బాగా పనిచేసింది అంటే మా అమ్మ విషయంలో దాన్ని ఎంతవరకు నమ్మాలి? గుండె స్టెంట్‌కూ దీనికీ తేడా ఏమైనా ఉందా? డాక్టర్ గారిని మళ్లీ కలిసేది వచ్చే వారం, ఏం అడగాలో కూడా చెప్పండి.


పశువుల డాక్టర్:

అమ్మా, మీ అమ్మగారు అడిగిన మొదటి ప్రశ్న ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ వేసుకునేదే. నేను చదివింది పశువైద్యం. అమెరికాలో పెద్ద జంతువుల మీద వైద్య పరికరాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో ఆరేళ్లు మత్తు ఇవ్వడం, ఆపరేషన్ తర్వాత కాపు కాయడం చూసుకున్నాను. నేను చేసింది చెప్తాను.

ముందు గొర్రే ఎందుకు అంటే, కొలత కోసం. మనిషి పొత్తికడుపులో మీరు చెప్పిన ఆ సిర 14 నుంచి 16 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మనిషికి వేసే స్టెంట్‌నే, అదే సైజులో, అదే గొట్టంతో లోపలికి పంపి చూడాలంటే ఎలుకలోనో కుందేలులోనో కుదరదు. పంది అయితే సైజు సరిపోతుంది కానీ మామూలు పెంపుడు పంది నెలల్లోనే రెండింతలు మూడింతలు పెరిగిపోతుంది, ఇవాళ సరిపోయిన స్టెంట్ ఆరు నెలలకు ఆ సిరకు చిన్నదైపోతుంది. పైగా పంది గుండె లయ తప్పడం చాలా తేలిక, లోపల వైరు గుండెకు తగిలితేనే ప్రమాదం. అందుకే పొట్టిగా ఉండిపోయే మినీ పందులనో, ఎదుగుదల ఆగిన పెద్ద గొర్రెలనో వాడతారు. మేం వాడినవి 60, 70 కిలోల గొర్రెలు, మన నెల్లూరు జాతి కంటే బాగా బరువైనవి. మెడ దగ్గర బొచ్చు గొరిగితే సిర చేతికే తగులుతుంది, అక్కడి నుంచి గొట్టం దింపడం సులువు.

ఇక గొర్రెలో ఏం తెలుస్తుంది? సిర గోడ ఆ లోహాన్ని ఎలా తీసుకుంటుందో తెలుస్తుంది. సిర అంటే ధమనిలా మందపాటి గొట్టం కాదు, తడిసిన గుడ్డ సంచీలా పలచగా ఉంటుంది, లోపల ఒత్తిడి కూడా తక్కువే. స్టెంట్ అంచు గోడను చీల్చిందా, తీగల మీద రక్తం గడ్డకట్టిందా, గడ్డ ముక్క తెగి ఊపిరితిత్తులకు పోయిందా, కొన్ని వారాల్లో తీగల మీద కొత్త పొర కప్పుకుందా, ఆ పొర పలచగా ఆగిందా లేక మందంగా పెరిగి దారి మూసేస్తోందా, పక్కనుంచి వచ్చి కలిసే చిన్న సిరల నోళ్లు తెరిచే ఉన్నాయా. వీటికి బతికున్న శరీరంలో తప్ప జవాబు దొరకదు. సాధారణంగా 30 రోజులకు కొన్ని, 90 రోజులకు కొన్ని, 180 రోజులకు కొన్ని అని వంతులు పెట్టుకుని చూస్తారు. ఒక వైపు కొత్త స్టెంట్, రెండో వైపు ఇప్పటికే అనుమతి ఉన్న స్టెంట్ పెట్టి పోల్చడం కూడా ఉంటుంది.

తెలియనిది ఏమిటంటే, సరిగ్గా అమ్మగారు అన్నదే. గొర్రెకు ఆ జబ్బు లేదు. దాని వెన్ను నేలకు సమాంతరంగా ఉంటుంది, మనిషిలా నిలువుగా నిలబడటం వల్ల ధమని సిరను ఎముకకు అదమడం అన్నది దానిలో జరగదు. మనం కదలకుండా నిలబడితే పాదం సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, 80, 90 దాకా పోతుంది, గొర్రెకు అంత ఎత్తే లేదు. కొన్ని ప్రయోగాల్లో సిరను బయటినుంచి కట్టి బలవంతంగా ఇరుకు చేస్తారు కానీ, ఏళ్ల తరబడి నొక్కుడు పడి, లోపల గడ్డలు కట్టి మచ్చలు పడిన సిరకు అది సమానం కాదు. మేం స్టెంట్ పెట్టింది ఆరోగ్యంగా, మెత్తగా, ఏ మచ్చా లేని సిరల్లో.

రెండో ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. ఆ గొర్రెలు లేవమ్మా. గడువు రోజున మత్తు ఇచ్చి, ఆ మత్తులోనే ప్రాణం తీస్తాం. ఎందుకంటే స్టెంట్ ఉన్న సిరను మొత్తంగా బయటికి తీసి, గట్టి రెజిన్‌లో పోతపోసి, లోహంతో సహా పలచగా కోసి అరగదీసి మైక్రోస్కోపు కింద చూడాలి, లోహం ఉన్న కణజాలం మామూలు బ్లేడుకు తెగదు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కూడా విప్పి గడ్డ ముక్కలేమైనా చేరాయా అని వెతుకుతారు. ఆ రోజుల్లో నేను మధ్యాహ్నం అన్నం తినలేకపోయేవాణ్ని. ఈ మాట మీ అమ్మగారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం, అడిగారు కాబట్టి రాశాను.


వైజాగ్ ఇంజినీర్:

పశువైద్యులు గారు చాలా బాగా చెప్పారు. నేను స్టెంట్లను బల్ల మీద, అంటే మెషీన్ల మీద పరీక్షించే పనిలో ఉన్నాను, ఆ సగం నేను చెప్తాను. గొర్రె చెప్పలేనిది చాలావరకు ఇక్కడ పట్టుకోవాల్సిందే.

స్టెంట్ అనగానే మనవాళ్లకు గుండె స్టెంట్ గుర్తొస్తుంది, 1990ల్లో హైదరాబాదులో అబ్దుల్ కలాం గారు, డాక్టర్ సోమరాజు గారు కలిసి చేసిన కలాం-రాజు స్టెంట్ గురించి వినని తెలుగువాళ్లు తక్కువ. అది ధమనికి వేసేది, మూడు మిల్లీమీటర్ల వ్యవహారం. సిర స్టెంట్ దానికి అన్నయ్యో తమ్ముడో కాదు, వేరే వస్తువు. ధమనిలో ప్రతి గుండె దెబ్బకూ స్టెంట్ కొంచెం సాగి ముడుచుకుంటుంది, అందుకే పదేళ్ల ఆయుష్షు అని 40 కోట్ల సార్లు సాగదీసి చూస్తారు. సిరలో ఆ దెబ్బ అంతగా ఉండదు. కానీ ఊపిరి తీసిన ప్రతిసారీ సిర వెడల్పు మారుతుంది, నిమిషానికి 16 సార్లు అనుకున్నా ఏడాదికి 84 లక్షలు. నడిచినప్పుడు, కింద కూర్చుని లేచినప్పుడు, తొడ పొత్తికడుపు వైపు మడిచినప్పుడు గజ్జల దగ్గర వంగుతుంది. పైనుంచి ధమని నొక్కుడు ఎటూ ఉంది. కాబట్టి నాలుగు పక్కలనుంచీ సమానంగా నెట్టే బలం ఒక్కటే చాలదు, ఒక పక్కనుంచి నొక్కితే నలిగిపోకుండా ఉండే బలం కావాలి, అదే సమయంలో వంగాలి కూడా. ఈ రెండూ ఒకదానికొకటి పడవు, గట్టిగా చేస్తే వంగదు, వంగేలా చేస్తే నలుగుతుంది. సిర స్టెంట్ డిజైన్ తలనొప్పి అంతా ఇక్కడే.

రక్తనాళాల స్టెంట్లకు ఐఎస్ఓ 25539-2 అని ప్రమాణం ఉంది, శరీరం ఆ పదార్థాన్ని తట్టుకుంటుందా అన్నదానికి ఐఎస్ఓ 10993 ఉంది. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా నిటినాల్‌తో చేసినవి, నికెల్, టైటానియం కలిపిన లోహం, చల్లగా ఉన్నప్పుడు గొట్టంలోకి నొక్కి పెడితే ఒంటి వేడికి తన రూపానికి తెరుచుకుంటుంది. మీ అమ్మగారికి నికెల్ పడకపోతే, అంటే గిల్టు నగలు పెట్టుకుంటే దురద, దద్దుర్లు వచ్చే అలవాటు ఉంటే, డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఒక మాట సూటిగా చెప్తాను. జంతువులో బాగుంది, మెషీన్ మీద బాగుంది, ట్రయల్‌లో బాగుంది అన్నాక కూడా తేడా వస్తుంది. బోస్టన్ సైంటిఫిక్ వాళ్ల వీసీ అనే సిర స్టెంట్‌కు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, పెట్టిన చోటు నుంచి కదిలిపోతోందని తెలిసి 2021లో వెనక్కి తీసుకున్నారు. కాలి సిరలో స్టెంట్ కదిలితే అది పోయేది పైకే, గుండె వైపుకే. ధమనిలో అయితే రక్తం స్టెంట్‌ను ఇంకా సన్నటి కొమ్మలోకి తోస్తుంది, అక్కడ ఇరుక్కుంటుంది. సిరలో ముందుకు పోయేకొద్దీ దారి వెడల్పవుతుంది. ఈ ఒక్క తేడా వల్లే సిరలో సైజు తప్పు చేయకూడదు.

ధర గురించి మీరు అడగలేదు కానీ చెప్పడం మంచిది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర కట్టడి చేసింది గుండె స్టెంట్లకు మాత్రమే. సిర స్టెంట్‌కు అది వర్తిస్తుందనుకుని వెళ్లకండి, ముందే రాతపూర్వకంగా అంచనా తీసుకోండి.


వీధి కుక్కల నేస్తం:

నేను డాక్టర్ని కాదు, ఇంజినీర్నీ కాదు. దెబ్బలు తగిలిన కుక్కలను చూసుకునే చిన్న బృందంలో ఉన్నాను. అక్కా, మీ అమ్మ రెండో ప్రశ్న అడగడం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అసలు ఎవరూ అడగరు దాన్ని.

నాకు అర్థం కానిది ఒకటుంది, కోపంగా కాదు, నిజంగా అడుగుతున్నాను. గొర్రెకు ఆ జబ్బే లేదు, ఆ నొక్కుడే లేదు అని మీరే ఒప్పుకుంటున్నారు. అయినా స్టెంట్ కదిలిపోయిన సంగతి మనుషుల్లో వేశాకే తెలిసింది. మరి కొత్త కంపెనీ వచ్చిన ప్రతిసారీ, తీగ డిజైన్ కాస్త మార్చిన ప్రతిసారీ మళ్లీ ఒక మందను బలి ఇవ్వడం ఎందుకు? కంప్యూటర్ మీద సిరను, ధమనిని, ఎముకను అచ్చం మనిషిలా తయారుచేసి చూడొచ్చు కదా? అమెరికాలో 2022 చివర్లో జంతువుల పరీక్ష తప్పనిసరి కాదని చట్టం మార్చారు, మన దగ్గర కూడా 2023లో అలాంటి మార్పే వచ్చిందని చదివాను. ఇంకా ఎందుకు ఆగడం లేదు?


వైజాగ్ ఇంజినీర్:

నేస్తం గారూ, మీ ప్రశ్నలో న్యాయం ఉంది. మొదట చట్టం సంగతి. మీరు చెప్పిన రెండు మార్పులూ మందుల గురించినవి, పరికరాలకు అవి నేరుగా వర్తించవు. కంప్యూటర్ లెక్కలు మేం రోజూ చేస్తాం, ఏ తీగ ఎక్కడ అలసిపోయి విరుగుతుందో చాలావరకు ముందే తెలుస్తుంది. నలుగుడు, వంగుడు, విరుగుడు వీటికి కంప్యూటర్, మెషీన్ కలిపితే గొర్రె కంటే మంచి జవాబే వస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ నెమ్మదిగా పారే రక్తం ఆ లోహం మీద గడ్డకడుతుందా, గోడ ఎలా మానుతుంది అన్నది లెక్కల్లో పట్టుకునేంత జ్ఞానం ఇంకా మనకు లేదు.

చిన్న మార్పుకు మళ్లీ జంతువులు ఎందుకు అన్నదానికి మాత్రం నేను మీ పక్షమే. పాత సమాచారంతో సరిపెట్టుకోవచ్చని నియమాల్లోనే వెసులుబాటు ఉంది, కొత్త మార్పు వల్ల ఏ ప్రశ్న కొత్తగా పుట్టిందో దానికే పరీక్ష చేయాలి. అలా కాకుండా ఎందుకైనా మంచిదని ఇంకో ఆరు జంతువులు అనే మాట మీటింగుల్లో విన్నాను, విన్న ప్రతిసారీ ఏ ప్రశ్నకు ఆ ఆరు అని అడిగాను. కొన్నిసార్లు ఆపగలిగాను, కొన్నిసార్లు నా మాట చెల్లలేదు.


పశువుల డాక్టర్:

ఇది ఎక్కడ మొదలైందో కొంచెం చెప్తే నేస్తం గారి ప్రశ్నకు ఇంకాస్త జవాబు దొరుకుతుంది. 1969లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు కుక్కల మోకాలి వెనక ధమనుల్లో గొట్టాలు పెట్టి చూశాడు. ప్లాస్టిక్ గొట్టాలు తొందరగా గడ్డకట్టి మూసుకుపోయాయి, స్ప్రింగులా చుట్టిన లోహపు తీగలు మాత్రం కొన్ని చాలాకాలం తెరుచుకుని ఉన్నాయి. నాళం లోపల ఖాళీలున్న లోహం బతుకుతుంది, నున్నటి గొట్టం బతకదు అని ఎవరికీ ముందు తెలియదు. లెక్కలేసి చెప్పగలిగేవాళ్లూ లేరు.

పెద్ద సిరల సంగతికొస్తే ముఖ్యమైన పని హ్యూస్టన్‌లో, ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రిలో జరిగింది. చెజరె జియాంటుర్కో అని ఇటలీలో పుట్టిన రేడియాలజిస్టు, అప్పటికి 80 ఏళ్ల మనిషి, స్టీలు తీగను వంకరటింకరగా మడిచి గుండ్రంగా కలిపి ఒక స్టెంట్ చేశాడు. దాన్ని నొక్కి గొట్టంలో పెట్టి వదిలితే లోపల తనంతట తాను విచ్చుకుంటుంది. 1985లో ఆయన, తోటివాళ్లు కుక్కల మెడ సిరలో, పొట్టలోని మహాసిరలో, బృహద్ధమనిలో పెట్టి ఏం జరిగిందో ప్రచురించారు. తీగల మీద పొర కప్పుకుంది, స్టెంట్ అడ్డంగా ఉన్నా పక్క కొమ్మల నోళ్లు మూసుకుపోలేదు. ఆ మరుసటి ఏడాదికల్లా మహాసిర ఇరుకైపోయిన రోగులకు వేసిన అనుభవం అదే బృందం రాసింది. క్యాన్సర్ గడ్డ ఛాతీలో పెరిగి మహాసిరను నొక్కేస్తే ముఖం, మెడ, చేతులు వాచిపోయి మనిషి పడుకుని ఊపిరి తీసుకోలేడు, నేను ఒకసారి చూశాను అలాంటి మనిషిని. అలాంటివాళ్లకు ఆ స్టెంట్ చాలా ఊరటనిచ్చింది. పక్క కొమ్మలు మూసుకుపోతాయో లేదో తెలియకుండా మనిషి మహాసిరలో ఎవరూ లోహం పెట్టి ఉండేవాళ్లు కాదు. ఆ కుక్కలకు మనం రుణపడి ఉన్నాం అనే నేను అనుకుంటాను, రుణం ఉంది కాబట్టే ఇక మీదట అనవసరంగా ఒక్కటి కూడా పోకూడదు.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద జంతు ప్రయోగాలను చూసే కేంద్ర కమిటీ ఉంది, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు. ఎలుకల వరకు సంస్థలోని కమిటీ చాలు, గొర్రె, పంది, కుక్క లాంటి పెద్ద జంతువులకు ఢిల్లీ నుంచి కూడా అనుమతి రావాలి. ఎన్ని కావాలి, ఎందుకు అన్ని, తక్కువతో ఎందుకు కుదరదు అని రాసి ఒప్పించాలి. ఆ కాగితం మీద అడిగే ప్రశ్నలు మంచివే, వాటికి జవాబులు శ్రద్ధగా రాశారా, కమిటీలో కూర్చున్నవాళ్లు శ్రద్ధగా చదివారా అన్నదాని మీదే అంతా ఉంది.


రేడియాలజీ అన్నయ్య:

ఆలస్యంగా చూశాను ఈ పోస్ట్. నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుని, ఈ స్టెంట్లు వేసే పనే నాది. చెల్లెమ్మా, గొర్రెల సంగతి పెద్దలు చెప్పారు, నీకు ఇప్పుడు అక్కరకొచ్చేది మనుషుల లెక్క.

మొదట ఒక మాట, ఇంట్లో అందరూ నరం నరం అంటుంటారు కదా, ఆపరేషన్ సమ్మతి పత్రం చదివేటప్పుడు మాత్రం సిర అనే పట్టించుకో. మంచి రక్తం తెచ్చేది ధమని, కాలి నుంచి రక్తాన్ని వెనక్కి గుండెకు చేర్చేది సిర.

మే, థర్నర్ అనే ఇద్దరు ఆస్ట్రియా డాక్టర్లు 1957లో 430 శవాలను పరీక్షించి, వాటిలో 22 శాతంలో ఆ నొక్కుడు చోట సిర లోపల పొరలు, తంతువులు ఉన్నాయని రాశారు. అంటే నొక్కుడు ఉన్నవాళ్లందరూ రోగులు కారు, చాలామంది ఏ బాధా లేకుండా బతికేస్తారు. స్కాన్‌లో నొక్కుడు కనిపించింది కాబట్టి స్టెంట్ అంటే నేను ఒప్పుకోను. మీ అమ్మగారికి గడ్డకట్టింది, ఆరు నెలల మందుల తర్వాత కూడా వాపు బతుకును ఇబ్బంది పెడుతోంది, అప్పుడు ఆలోచించడం సబబు.

మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో పీటర్ నెగ్లెన్, శేషాద్రి రాజు ఇద్దరూ 982 కాళ్లకు స్టెంట్లు వేసిన అనుభవం 2007లో ప్రచురించారు, ఇప్పటికీ మేం దాన్నే చూపిస్తాం. ఆరేళ్ల తర్వాత చూస్తే, గడ్డకట్టకుండా నొక్కుడు మాత్రమే ఉన్నవాళ్లలో 79 శాతం స్టెంట్లు మళ్లీ చెయ్యి పెట్టే పని లేకుండా తెరిచి ఉన్నాయి. పాత గడ్డ ఉన్నవాళ్లలో అది 57 శాతమే, మళ్లీ లోపలికి వెళ్లి శుభ్రం చేసినవాటినీ కలుపుకుంటే 86. మీ అమ్మగారు ఈ రెండో రకం. అవి వాల్‌స్టెంట్ అనే పాత రకం స్టెంట్ కాలం లెక్కలు, సిర కోసమే చేసినవి తర్వాత వచ్చాయి. ఆబ్రే అనే స్టెంట్ ట్రయల్‌లో 200 మందికి వేస్తే ఏడాదికి 88 శాతం తెరిచి ఉన్నాయి. అయితే ఏడాది లెక్క వేరు, ఆరేళ్ల లెక్క వేరు, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకు.

పాత గడ్డ ఉన్నవాళ్లలో ఎందుకు తక్కువ? కింద తొడ సిరల నుంచి రక్తం బాగా వస్తేనే పైన స్టెంట్ తెరిచి ఉంటుంది. కాలువ తూము బాగుచేసినా పైనుంచి నీళ్లే రాకపోతే ఒండ్రు పేరుకుంటుంది కదా, అలాగన్నమాట. గొర్రెల్లో ఈ సమస్యే లేదు, వాటి కాలి సిరలు శుభ్రం. అందుకే నా వరకు, గొర్రెల ఫలితం అన్నది ఈ లోహం లోపల పెట్టడానికి పనికొస్తుందా అన్న మొదటి గడప. మీ అమ్మగారి కాలు బాగుపడుతుందా అన్నది ఆ కాలి సిరలు చెప్పాలి.

డాక్టర్ని ఇవి అడుగు. తొడలో రక్తం బాగా వస్తోందా, ఎలా చూశారు? స్టెంట్ సైజు ఎలా కొలుస్తారు, సిర లోపలికి పంపే అల్ట్రాసౌండ్ ఉందా? ఇది చాలా ముఖ్యం, పడుకోబెట్టి, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు తీసిన సీటీలో సిర నిజంగా ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. కదిలిపోయినట్టు నమోదైన స్టెంట్లలో ఎక్కువ భాగం సన్నవీ, పొట్టివీ. ఇది సిర కోసమే చేసిన స్టెంటేనా, లేక ధమనికి చేసింది వేస్తున్నారా? రక్తం పలచబడే మందులు ఎన్నాళ్లు, ఎవరు చూస్తారు? మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు అని కూడా అడుగు, మొహమాటపడకు, మంచి డాక్టర్ దానికి కోపగించుకోడు. వేశాక మొదటి నెల రోజుల్లో కాలు మళ్లీ వాస్తే ఫోన్ చేసి రేపు వస్తాం అనకుండా ఆ రోజే వెళ్లాలి.


కళ్యాణదుర్గం అమ్మాయి:

అందరికీ చేతులెత్తి దండం. పోయిన వారం వెళ్లొచ్చాం, అందుకే ఆలస్యం. రేడియాలజీ అన్నయ్య చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. డాక్టర్ గారు మొదట ఆశ్చర్యపోయినా ఈసారి ముప్పావు గంట కూర్చుని మాట్లాడారు. తొడ సిరల్లో రక్తం పర్వాలేదట, పాత మచ్చలు కొన్ని ఉన్నాయి కానీ దారి ఉందన్నారు. లోపలి అల్ట్రాసౌండ్ ఆ ఆస్పత్రిలో లేదు, మొదటిసారి చెప్పలేదు. అది ఉన్న చోటికి బెంగళూరు రాసిచ్చారు, అక్కడ కొలిచాకే వేయాలా వద్దా తేలుస్తారు. అమ్మకు గిల్టు గాజులు పడవు, పెళ్లిళ్లకు కూడా వేసుకోదు, ఆ సంగతి చెప్తే చర్మానికి నికెల్ పరీక్ష చేయించమన్నారు. ఇంజినీర్ గారూ, మీరు రాయకపోతే ఆ ముక్క నా నోట వచ్చేదే కాదు.

పశువుల డాక్టర్ గారు రాసింది అమ్మకు మొత్తం చదివి వినిపించాను, దాచాలనిపించలేదు. విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మత్తు ఇవ్వాలంటే ముందు రోజు మేత పెట్టరు కదా, గొర్రె ఆకలినైనా ఓర్చుకుంటుంది గానీ ఒంటరిగా కడితే ఓర్చుకోలేదు, రాత్రంతా అరుస్తూనే ఉంటుంది, పక్కన ఇంకో గొర్రెనైనా ఉంచుతారా అని అడగమంది.


పశువుల డాక్టర్:

ఉంచుతాం అని చెప్పండి. మేత ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఆపక తప్పదు, లేకపోతే మత్తులో కడుపుబ్బరం వచ్చి, నెమరు మేత గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కానీ ఒంటరిగా కట్టం. నేను చేరిన కొత్తలో అక్కడ విడి గదుల్లో ఉంచేవాళ్లు, అరుస్తూ గోడను తలతో కుమ్మేవి. మా నాన్న కూడా జీవాలు కాసినవాడే, ఆ అరుపు నాకు తెలుసు. మూడో నెలలో గదుల మధ్య గోడ తీయించి ఊచలు పెట్టించాను, పక్కదాని మొహం కనిపిస్తూ, ముట్టెలు తగిలేలా. ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేటప్పుడు కూడా తోటి గొర్రెను తెచ్చి పక్కన నిలబెట్టేవాళ్లం, అది కనిపిస్తే తొందరగా లేచి నిలబడేది.